పక్కన నిలబడే పని
(మన వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేం ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళం కాదు. మాది ఒక చిన్న జట్టు. ఇప్పుడు మీ ముందు నిలబడ్డ మనిషి సివిల్ డిప్లొమా చదివి, న్యూజెర్సీలో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా పని చేస్తాడు. జట్టులో ట్రక్కు నడిపే అన్న ఉన్నాడు, మోటెల్‌లో రాత్రి డ్యూటీ చేసే తమ్ముడు ఉన్నాడు, కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఉద్యోగం చేసేవాళ్ళున్నారు, ఒక నర్సక్క ఉంది. మాలో కొందరం ఒకప్పుడు మందుకో మాత్రలకో చిక్కుకుని బయటపడ్డవాళ్ళం. కొందరం ఇంట్లో మనిషిని ఆ దారిలో చూసినవాళ్ళం. మానాలనుకునేవాళ్ళకు తోడుగా నిలబడడం మా పని. ఇక్కడ దీన్ని పీర్ సపోర్ట్ అంటారు. మన భాషలో సాటిమనిషి తోడు అనుకోండి.

ఈ విషయం సభలో ఎందుకంటే, మన వేదిక ఏటా చేసే పనుల్లో ఒకటి అందరికీ తెలుసు. మనవాడు ఎవరైనా పోతే, శవాన్ని ఊరికి పంపడానికి చందాలు పోగుచేస్తాం. నాలుగు రోజుల్లో డబ్బు జమవుతుంది. మనవాళ్ళ చెయ్యి అంత పెద్దది. ఊళ్ళో అడిగితే గుండెపోటు అని చెప్తాం. కొన్నిసార్లు అది గుండెపోటే. కొన్నిసార్లు కాదని ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. చచ్చిపోయాక అంత త్వరగా కదిలే మనం, బతికున్నప్పుడు అతని గది తలుపు ఎందుకు తట్టలేకపోతున్నాం? మేం ఈ పనిలోకి వచ్చింది ఈ ప్రశ్నతోనే.

ముందు ఒక మాట. తాగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు, మానినవాళ్ళందరూ మంచివాళ్ళు అనే లెక్క మా దగ్గర లేదు. మన బతుకు ఎట్లుంటుందో చూడండి. ఒక అపార్ట్‌మెంట్‌లో ఐదుగురు. ఒకడు పగలు పని, ఒకడు రాత్రి పని. పలకరించుకునేది ఆదివారమే. ఊళ్ళో అప్పు, చెల్లెలి పెళ్ళి, అమ్మ ఆపరేషన్. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా సర్దుకుని వెళ్ళాలి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "అంతా బాగానే ఉందమ్మా" అనాలి. ఫోన్ పెట్టేసిన తర్వాత గదిలో ఆ మనిషి, ఆ సీసా తప్ప ఇంకెవరుంటారు?

మా సైట్ పనిలో ఇంకో దారి ఉంది. నడుము నొప్పి, భుజం నొప్పి. సెలవు పెడితే కూలి పోతుంది. అందుకని మాత్ర వేసుకుంటాడు. డాక్టర్ రాసింది అయిపోతే ఎవరో ఇచ్చింది వేసుకుంటాడు. ఈ దేశంలో 2020లో జరిగిన ఓవర్‌డోస్ మరణాలను సీడీసీ వాళ్ళు వృత్తుల వారీగా లెక్కకట్టారు. అన్ని వృత్తుల్లోకీ పైన ఉన్నది కన్‌స్ట్రక్షన్, గనుల పనివాళ్ళే. లక్ష మంది పనివాళ్ళకు 162 మందికి పైగా. హోటల్ వంటపని, వడ్డన పనివాళ్ళది రెండో స్థానం. ఈ సభలో ఆ రెండు పనులూ చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి చుట్టూ చూడండి.

ఇప్పుడు ఈ తోడు పని ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాం.

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ ఆయన వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు వెళ్ళాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వెళ్ళిన పని చెడిపోయింది. పరాయి ఊరు, హోటల్ లాబీ, పక్కనే బార్. మనలో ఎంతమందికి తెలియదు ఆ సాయంత్రం ఎట్లుంటుందో! బార్‌లోకి పోకుండా ఆయన ఫోన్ దగ్గరకు పోయాడు. చర్చిల పేర్లు చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఈ ఊళ్ళో నాలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరకు దారి దొరికింది. పావుగంట మాట్లాడి పంపిద్దామనుకున్న ఆ డాక్టర్ గంటల తరబడి మాట్లాడాడు. అదే సంవత్సరం జూన్ 10న ఆ డాక్టర్ ఆఖరిసారి తాగాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, ఆ రోజునే తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. ఇక్కడ గమనించాల్సింది, బిల్ అడిగింది డాక్టర్ కోసం కాదు. తనలాంటి ఇంకో మనిషి కోసం. అవతలివాడికి సాయం చేస్తే తానూ నిలబడతానని ఆయనకు తెలుసు.

మన దగ్గర కూడా ఇలాంటిది ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, సారా వల్ల చితికిపోయిన ఒక ఇల్లాలి కథ పాఠంగా చదివారు. ఇది మన ఇంటి సంగతే గదా అనుకున్నారు. రోసమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు, సారా దుకాణం మూయించారు. ఊరూరికీ పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. చట్టం వస్తుంది, పోతుంది. కానీ ఒకరి కథ విని ఇంకొకరు "నాదీ ఇదే" అనుకున్న బలం ఉంది చూశారా, అది ఎవరూ జీవో ఇచ్చి పుట్టించింది కాదు. మా పనికి పునాది అదే.

ఇక్కడి ప్రభుత్వాలు కూడా ఆ బలాన్ని గుర్తించాయి. 1999లో జార్జియా రాష్ట్రం మానసిక ఆరోగ్య సేవల్లో సాటిమనిషి తోడుకు మెడికెయిడ్ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. 2007 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసి, శిక్షణ, పర్యవేక్షణ ఉంటే ఇది డబ్బు చెల్లించదగ్గ సేవేనని చెప్పింది. అప్పటి నుంచి ఇదొక ఉద్యోగమైంది. న్యూజెర్సీలో 2016 నుంచి, ఓవర్‌డోస్ అయి ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి మంచం పక్కకు కోలుకున్న మనిషిని పంపే పథకం నడుస్తోంది. కళ్ళు తెరవగానే పక్కన పోలీసు కాకుండా, "నేను కూడా ఈ మంచం మీద పడుకున్నవాణ్ణే" అనే మనిషి ఉంటే ఎట్లుంటుందో ఆలోచించండి.

దీనికి శిక్షణ ఉంటుంది. చాలా రాష్ట్రాలు పాటించే ఐసీ అండ్ ఆర్‌సీ ప్రమాణం ప్రకారం 46 గంటల క్లాసులు, 500 గంటల పని అనుభవం, ఆపైన పరీక్ష. ఆ 46 గంటల్లో 16 గంటలు నీతి నియమాలకే. అంటే ఏం చెయ్యాలన్న దానితో పాటు ఏం చెయ్యకూడదో కూడా నేర్పుతారు. ఒక మాట గుర్తుపెట్టుకోండి: వీసా మీద ఉన్నవాళ్ళు ఈ పనికి జీతం తీసుకోవాలంటే దానికి పని అనుమతి ఉండాలి. మేం చేసేది జీతం లేని సేవ.

తోడు ఉండేవాడు ఏం చేస్తాడు? మా సైట్ భాషలో చెబుతాం. క్రేన్ బరువు ఎత్తేటప్పుడు ఆపరేటర్‌కు కింద ఏముందో కొన్నిసార్లు కనపడదు. అప్పుడు సిగ్నల్ మ్యాన్ ఉంటాడు. క్రేన్ నడిపేది ఆపరేటరే. లివర్ మీద సిగ్నల్ మ్యాన్ చెయ్యి వెయ్యడు. కనపడే చోట నిలబడి, పక్కన వైరు ఉంది, కొంచెం ఆగు, ఇప్పుడు దించు అని చెయ్యి చూపిస్తాడు. మేం అంతే. మానాలో వద్దో, ఎట్లా మానాలో, ఏఏకి పోవాలో, మందులు వాడాలో నిర్ణయించేది ఆ మనిషే. మేం డాక్టర్లం కాదు. ఏ మందు వెయ్యాలో, ఏది ఆపాలో చెప్పం. పూజారులం, పాస్టర్లం, మౌల్వీలం కాదు. పాపం పుణ్యం మాట్లాడం. అప్పులివ్వం, అప్పులు తీసుకోం. అతని ఫోన్ తీసి వెతకం. ఇంటివాళ్ళు ఫోన్ చేసి అడిగినా, అతను ఒప్పుకోకుండా ఒక్క ముక్క చెప్పం.

మరి చేసేదేంటి? ఫోన్ ఎత్తుతాం. మీటింగుకు మొదటిసారి పోవడానికి భయమైతే వెంట పోతాం. ఆసుపత్రిలో ఇంగ్లీషులో చెప్పలేకపోతే, తెలుగు దుబాసీ కావాలని అడిగే హక్కు ఉందని చెప్పి, పక్కన కూర్చుంటాం. ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న నంబరుకు కలిసి ఫోన్ చేస్తాం. శుక్రవారం సాయంత్రం జీతం పడ్డ రోజున, "ఏం తమ్ముడూ, తిన్నావా?" అని అడుగుతాం. మీరు నవ్వొచ్చు. కానీ "తాగావా?" అని అడిగితే ఫోన్ పెట్టేసేవాడు, "తిన్నావా?" అంటే గంట మాట్లాడతాడు.

ఒక తమ్ముడి సంగతి చెబుతాం. ఊరు, పని, వివరాలు మార్చాం, అతనే చెప్పమన్నాడు. గోదాముల్లో బరువులు మోసే పని. నడుము పట్టేసింది. రాత్రి నిద్ర కోసం మొదలైన విస్కీ మెల్లగా పొద్దుటికి చేరింది. గదిలోవాళ్ళు ఒకరోజు గట్టిగా తిట్టారు. రోషం వచ్చి ఒక్కసారే మానేశాడు. రెండు రోజులు ముట్టలేదు. గదిలోవాళ్ళు సంతోషపడ్డారు. రెండో రోజు రాత్రి వాళ్ళలో ఒకడు మాకు ఫోన్ చేసి, "అన్నా, మానేశాడు గానీ చేతులు వణుకుతున్నాయి, చెమటలు పోస్తున్నాయి, గోడ మీద పురుగులున్నాయంటున్నాడు" అన్నాడు. మా నర్సక్క అక్కడే ఉంది. వెంటనే 911కు చెయ్యమంది. ఆసుపత్రిలో ఐదు రోజులున్నాడు. ఆ రాత్రి నిద్రపోతే తగ్గుతుందిలే అని వదిలేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఇది అందరూ వినాలి. రోజూ ఎక్కువగా, చాలాకాలంగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. ఆపిన కొన్ని గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు నాలుగు రోజుల మధ్య మతి తప్పడం, లేనివి కనపడడం, జ్వరం, గుండె దడ రావొచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు కాంపౌండ్లు, వైన్ షాపులు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎట్లా వచ్చిపడ్డారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కల్తీ కల్లులో కలిపే మత్తుమందు ఒక్కసారిగా ఆగినా ఇదే గతి. కాబట్టి "మగాడివైతే ఈ రోజే మానెయ్" అని ఎవరినీ రెచ్చగొట్టొద్దు. మానడం డాక్టర్ చేతుల మీదుగా జరగాలి. దానికి మందులున్నాయి.

ఆ తమ్ముడి కథ అక్కడితో అయిపోలేదు. ఆసుపత్రి తర్వాత 28 రోజుల ప్రోగ్రాంకు పోయాడు. బయటికి వచ్చాక గదిలోవాళ్ళు, "ఇంకేం, బాగైపోయాడు" అన్నారు. కాంక్రీట్ పని తెలిసినవాళ్ళకు 28 రోజులంటే ఏంటో తెలుసు. కాంక్రీట్ బలాన్ని పరీక్ష చేసే రోజు అది. అయితే స్లాబ్ పోసిన మొదటి రోజుల్లో నీళ్ళు కొట్టకపోతే, సెంట్రింగ్ తొందరపడి విప్పేస్తే, 28 రోజులు గడిచినా ఆ స్లాబ్ బలంగా ఉండదు. మనిషికి ఆ సెంట్రింగ్ కర్రలు ఏంటంటే, రోజుకో ఫోన్, వారానికో మీటింగు, వేరే గది, నిద్ర, నడుముకు సరైన వైద్యం. ఇతనికి సంక్రాంతి పార్టీలో ఎవరో గ్లాసు చేతికిచ్చి, "ఒక్క పెగ్గుకేం కాదులే" అన్నారు. మళ్ళీ మొదలైంది. పది రోజుల తర్వాత సిగ్గుపడుతూ ఫోన్ చేశాడు. మేం "చెప్పాం గదా" అనలేదు. "ఎక్కడున్నావు? తిన్నావా?" అన్నాం. మళ్ళీ మొదటి నుంచి. ఇప్పుడు పనిలో ఉన్నాడు, వారానికి రెండు మీటింగులకు పోతాడు. పోయిన నెలలో అతనే ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

అందరి కథా ఇట్లా ముగియదు. ఫోన్ ఎత్తడం మానేసినవాళ్ళున్నారు. మేం చందాలు పోగుచేసి పంపించినవాళ్ళున్నారు. ఆ మాట దాచి, అంతా బాగుంటుందని చెప్పడం మీకు మంచిది కాదు.

ఇంక మాత్రల సంగతి. డాక్టర్ రాయని నొప్పి మాత్ర ఎవరిచ్చినా తీసుకోవద్దు. బయట దొరికే నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ కలుపుతున్నారు. దానిలో రెండు మిల్లీగ్రాములు, అంటే పది పదిహేను ఉప్పు రేణువులంత, మనిషిని చంపడానికి చాలు. చూసి కనిపెట్టలేం. మనిషి లేపితే లేవకపోతే, ఊపిరి చాలా నెమ్మదిగా ఉంటే, పెదాలు నీలంగా మారితే, గొంతులో గురగుర వినపడితే, అది గురక అనుకోవద్దు. నాలాక్సోన్ అనే ముక్కులో కొట్టే స్ప్రే ఉంది. 2023 మార్చిలో దాన్ని చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి ఇచ్చారు. న్యూజెర్సీలో అయితే 14 ఏళ్ళు దాటిన ఎవరైనా, పథకంలో ఉన్న ఫార్మసీకి పోయి పేరు చెప్పకుండా ఉచితంగా తీసుకోవచ్చు. ముందు 911కు ఫోన్, వెంటనే స్ప్రే. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండోది. ఊపిరి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చున్నాడు గదా అని వదిలెయ్యొద్దు. స్ప్రే పని అరగంట నుంచి గంటన్నర లోపు తగ్గిపోతుంది, మళ్ళీ మునిగిపోవచ్చు. అందుకే అంబులెన్స్ రావాల్సిందే.

"911కు చేస్తే పోలీసులొస్తారు గదా అన్నా" అంటారు. 2013 నుంచి న్యూజెర్సీలో ఒక చట్టం ఉంది. ఓవర్‌డోస్ అయినప్పుడు మంచి మనసుతో సాయానికి ఫోన్ చేసినవాడి మీద, పడిపోయినవాడి మీద, మత్తుమందు వాడినందుకు, దగ్గర ఉంచుకున్నందుకు రాష్ట్ర చట్టం కింద అరెస్టు, కేసు లేకుండా రక్షణ ఇస్తుంది. క్రేన్ దగ్గర సిగ్నల్స్ అన్నీ సిగ్నల్ మ్యాన్ ఒక్కడే ఇవ్వాలి గానీ, స్టాప్ సిగ్నల్ మాత్రం సైట్‌లో ప్రమాదం చూసినవాడు ఎవడైనా ఇవ్వొచ్చు. ఆపరేటర్ ఆపాల్సిందే. 911 అలాంటిది. మేం రావాలని ఎదురుచూడొద్దు.

ఇప్పుడు అందరి కడుపులో ఉన్న భయం: వీసా. ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. తాగి బండి నడిపి పట్టుబడితే, శిక్ష పడకముందే, అరెస్టు మాత్రం చేతనే కాన్సులేట్ వాళ్ళు వీసా రద్దు చెయ్యొచ్చు. ఇండియా పోయి తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ స్టాంపింగ్, డాక్టర్ పరీక్ష. గంజాయి సంగతి ఇంకోటి: న్యూజెర్సీలో 2022 నుంచి షాపుల్లో అమ్ముతున్నారు గానీ, కేంద్ర చట్టం కింద నేరమే, పౌరసత్వం లేనివాడికి అది ఇమ్మిగ్రేషన్‌లో చిక్కు తెస్తుంది. షాపు తెరిచి ఉందని మనకూ తెరిచి ఉందనుకోవద్దు.

కానీ వైద్యానికి పోవడం నేరం కాదు. వ్యసనానికి వైద్యం చేసే కేంద్రాల రికార్డులకు కేంద్ర చట్టం ప్రత్యేకమైన గోప్యత ఇచ్చింది. కొన్ని మినహాయింపులు తప్ప, మన సంతకం లేకుండా కంపెనీకో, గదిలోవాళ్ళకో, ఇంటికో చెప్పకూడదు. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో డాక్టర్ అడుగుతాడు, అక్కడ అబద్ధం చెప్పకూడదు. అయితే ఆ పరీక్షలో చూసేది ఎంతకాలంగా కోలుకుని ఉన్నాడని. సాధారణంగా 12 నెలల లెక్క. దాచిపెట్టి గడిపిన ఏడాది ఆ లెక్కలోకి రాదు. మానిన ప్రతి నెలా వస్తుంది. వీసా భయం ఉన్నవాడు త్వరగా వైద్యానికి పోవాలని మేం చెప్పేది ఇందుకే. మీ కేసు సంగతి మాత్రం లాయర్‌ను అడగండి. మమ్మల్ని కాదు, వాట్సాప్ గ్రూపును అసలే కాదు.

ఉద్యోగం సంగతి. 50 మంది, అంతకు మించి పనివాళ్ళున్న కంపెనీలో ఏడాదిగా, కనీసం 1,250 గంటలు చేసి ఉంటే, వైద్యం కోసం 12 వారాల వరకు జీతం లేని సెలవు చట్టం ఇస్తుంది. చాలా కంపెనీల్లో ఉద్యోగుల సహాయ కార్యక్రమం పేరుతో కొన్ని ఉచిత కౌన్సెలింగ్‌లు ఉంటాయి. యూనియన్ ఉంటే అక్కడా ఉంటుంది. ఇన్సూరెన్స్ లేదా? ఎమర్జెన్సీ గది ఉన్న ఆసుపత్రులు డబ్బు, కాగితాలు చూడకుండా ప్రాణం నిలబెట్టాలని 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. దాన్ని తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ కాగితాలు నింపడానికి మేం కూర్చుంటాం.

నంబర్లు రాసుకోండి. దేశమంతటికీ 1-800-662-4357. పగలు, రాత్రి, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు. న్యూజెర్సీకి 1-844-732-2465, ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా. చచ్చిపోవాలనిపిస్తే 988, ఇంగ్లీషు రాకపోతే దుబాసీని అడగండి. ఇంటివాళ్ళ కోసం అల్-అనాన్ అని 1951 నుంచి ఉంది. భర్తో కొడుకో తాగితే ఆ బరువంతా మోసే అక్కలకు, అమ్మలకు అది. డిపెండెంట్ వీసా మీద గదిలో ఒంటరిగా ఉండి, ఎవరికీ చెప్పుకోలేని చెల్లెళ్ళు మా దగ్గరకు రావడం ఇప్పుడిప్పుడే మొదలైంది. వాళ్ళతో మాట్లాడేది మా జట్టులోని ఆడవాళ్ళే. కొట్టే ఇల్లయితే దారి వేరు, అక్కడ మొదట చూడాల్సింది ఆమె భద్రత.

మీ అందరి నుంచి మేం కోరేవి నాలుగు.

ఒకటి, మాట. తాగుబోతు, గంజాయిగాడు అనే పేర్లు మానేద్దాం. ఆ పేరు పడ్డవాడు దానికి తగ్గట్టే బతకడం నేర్చుకుంటాడు. అతనికి ఒక పేరు ఉంది, దానితో పిలుద్దాం.

రెండు, గ్లాసు. ఉగాదికి, బతుకమ్మకు, పుట్టినరోజుకు, మందు లేకుండా కూర్చునే బల్ల ఒకటి ఉండాలి. వద్దన్నవాణ్ణి ఎందుకని అడగొద్దు. మజ్జిగ ఇవ్వండి, సోడా ఇవ్వండి. మన వేదిక ఖర్చుతో జరిగే ఏ కార్యక్రమంలోనూ మందు పొయ్యకూడదని తీర్మానం పెడుతున్నాం. దయచేసి చెయ్యెత్తండి.

మూడు, గది. ప్రతి గదిలో గోడ మీద ఆ నంబర్లు, ఒక నాలాక్సోన్ స్ప్రే. మంటలార్పే సిలిండర్ పెట్టుకుంటే ఇల్లు కాలుతుందని ఎవరూ అనుకోరు గదా.

నాలుగు, మనుషులు. ఈ పనికి ఇంకా తోడు కావాలి. కోలుకుని ఏడాది రెండేళ్ళు నిలబడ్డవాళ్ళు, చెవి ఉన్నవాళ్ళు, కడుపులో మాట దాచగలిగినవాళ్ళు. రాత్రి ఫోన్లు వంతులవారీగా ఎత్తుతాం, ఎవరూ వరసగా రెండు వారాలు చెయ్యరు. ప్రతి పక్షానికి కూర్చుని మా బరువు మేం దించుకుంటాం. ఎందుకంటే ఈ పనిలో మనిషి అలిసిపోతాడు. కోలుకున్నవాడు అలిసిపోతే అతనికీ ప్రమాదమే. ఎత్తులో పని చేసేవాడు ముందు తన హార్నెస్ కట్టుకుంటాడు. పక్కవాణ్ణి పట్టుకోవడం ఆ తర్వాతే.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాం. మా దగ్గరకు వచ్చినవాళ్ళను, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని మేం అడగం గానీ, వాళ్ళే చెబుతారు. మందు దొరకదని కాదు, డాక్టర్ లేడని కాదు, "నాకు ఇలా ఉందని తెలుగులో ఎవరికి చెప్పాలో తెలియలేదు" అంటారు. ఈ హాల్లో మూడు వందల కుర్చీలున్నాయి. ఇంతమంది తెలుగువాళ్ళున్న చోట ఆ మాట రాకూడదు. సభ అయ్యాక భోజనాల దగ్గర ఎడమ వైపు చివరి బల్ల మాది. పేరు రాసుకోవడం లేదు. వచ్చి కూర్చుంటే చాలు. మీ కోసం వచ్చారో, గదిలో ఇంకొకరి కోసం వచ్చారో కూడా అడగం.